కప్ప ఈతలో వేగం పోయేది ఎక్కడ?

తెలుగు పల్లెల్లో బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఎప్పటినుంచో ఒక పేరుంది: కప్ప ఈత. పేరైతే కప్పను చూసి పెట్టారు గానీ, ఈదేవాళ్లలో చాలామంది కప్పను సరిగ్గా చూసినట్టు కనిపించదు. చెరువులో కప్ప ఈదేటప్పుడు ముందుకాళ్లతో దాదాపు ఏ పనీ చేయదు. వాటిని ఒంటికి అదిమిపెట్టి, వెనకకాళ్లతో బలంగా తన్ని, ఆ ఊపు ఉన్నంతసేపు కదలకుండా జారిపోతుంది. ఊపు తగ్గాకే మళ్లీ కాళ్లు ముడుస్తుంది. కొత్తగా నేర్చుకున్న మనిషి చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. చేతులు ఆగకుండా తిరుగుతుంటాయి, కాళ్లు ఏదో ఒకటి చేస్తుంటాయి, జారడమనే ఘట్టమే ఉండదు. పాతిక మీటర్ల పూల్ దాటేసరికి రొప్పు వస్తుంది. పక్క లేన్‌లో అరవై ఏళ్ల పెద్దాయన అందులో సగం బారలతో, ఏ హడావుడీ లేకుండా, అప్పటికే గోడ చేరి గాగుల్స్ తుడుచుకుంటూ ఉంటారు.

ఈ దృశ్యం ఏ పూల్‌లోనైనా కనిపించేదే. కొత్తవాళ్లు దీని నుంచి తీసుకునే అర్థం మాత్రం తరచూ తప్పుగా ఉంటుంది. ‘ఆయనకు అలవాటు, మనకు ఇంకా బలం రాలేదు’ అనుకుంటారు. బలం పెంచుకుందామని ఇంకా గట్టిగా లాగుతారు, ఇంకా వేగంగా చేతులు తిప్పుతారు. పట్టే సమయం మాత్రం తగ్గదు. ఎందుకంటే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కొత్తవాళ్ల సమస్య వేగం పుట్టించలేకపోవడం కాదు. పుట్టించిన వేగాన్ని మరుక్షణమే తామే ఆపేసుకోవడం.

నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. పైగా శరీరం వేగం రెట్టింపయితే నీటి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అంటే బలంతో నీటిని గెలవాలనుకునేవాడికి ప్రతి అడుగూ ముందటి దానికంటే ఖరీదైనది. ఈ లెక్క అన్ని ఈతలకూ ఒకటే అయినా బ్రెస్ట్‌స్ట్రోక్‌కు అదనంగా ఒక శిక్ష ఉంది. ఫ్రీస్టైల్‌లో ఒక చేయి నీటిని లాగుతున్నప్పుడు రెండోది గాలిలో ముందుకు వస్తుంది. ఎప్పుడూ ఏదో ఒకటి శరీరాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చేతులు రెండూ ఒకేసారి పనిచేసి, రెండూ ఒకేసారి తిరిగి రావాలి. కాళ్లూ అంతే. ఆ తిరుగు ప్రయాణం నీటిలోనే, శరీరం వెళ్తున్న దిక్కులోనే జరగాలి. అందుకే ఒక్క బారలోనే వేగం పెరిగి, దాదాపు ఆగిపోయేంతగా పడి, మళ్లీ పెరుగుతుంది. మలుపు మలుపుకూ బ్రేకు వేసుకుంటూ వెళ్లే బస్సు లాంటి ప్రయాణం ఇది.

ఈ శిక్ష ఎంతటిదో ప్రపంచ రికార్డులే చెబుతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్‌లె 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ముగించాడు. 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో బ్రిటన్‌కు చెందిన ఆడమ్ పీటీ 2019లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో నెలకొల్పిన రికార్డు 56.88. ఇద్దరూ తమ తమ ఈతల్లో అసాధారణులు, ఇద్దరిదీ ఉక్కు శరీరమే. అయినా పది సెకన్ల పైచిలుకు తేడా. ఆ పది సెకన్లలో పెద్ద వాటా ఈ తిరుగు ప్రయాణాలదే.

నిబంధనల చరిత్ర చెప్పే పాఠం

బ్రెస్ట్‌స్ట్రోక్ చరిత్ర చదివితే తమాషాగా ఉంటుంది. ఎనభై తొంభై ఏళ్లుగా తెలివైన ఈతగాళ్లు ఈ బ్రేకును తప్పించుకునే దారి వెతకడం, నిబంధనలు రాసేవాళ్లు ఆ దారి మూయడం లేదా వేరు చేయడం. 1930లలో కొందరు చేతులను నీటిలోంచి కాకుండా గాలిలోంచి ముందుకు విసరడం మొదలుపెట్టారు. అప్పటి నిబంధనల్లో దానికి అడ్డు లేదు. చేతుల తిరుగు ప్రయాణంలో నీటి అడ్డు పోవడంతో వేగం పెరిగింది. చివరకు 1952 తర్వాత దాన్ని బటర్‌ఫ్లై పేరుతో విడిగా ఒక ఈతగా గుర్తించాల్సి వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అది తొలిసారి వేరే పోటీగా జరిగింది.

అదే మెల్‌బోర్న్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకావా ఇంకో దారి పట్టాడు. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను చాలా భాగం నీటి అడుగునే ఈది స్వర్ణం గెలిచాడు. నీటి ఉపరితలం మీద ఈదేటప్పుడు శరీరం అలలు లేపుతుంది; ఆ అలలకు పోయే శక్తి అంతా వృథా. అడుగున ఆ బాధ లేదు. ఆ తర్వాత తల ఉపరితలానికి రావాల్సిందేనన్న నిబంధన వచ్చి ఆ దారీ మూసుకుపోయింది. 2004 ఏథెన్స్‌లో వివాదం మరో రూపంలో వచ్చింది. 100, 200 మీటర్లు రెండూ గెలిచిన జపాన్ ఈతగాడు కొసుకె కితజిమా, గోడ నుంచి బయల్దేరాక నీటి అడుగున డాల్ఫిన్ తన్ను, అంటే రెండు కాళ్లూ కలిపి చేప తోకలా పైకీ కిందికీ ఆడించే తన్ను, తన్నాడని అమెరికా ఈతగాళ్లు ఆరోపించారు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య అలాంటి తన్ను ఒక్కదాన్ని అనుమతించింది.

ఇప్పుడున్న నిబంధనల సారం ఇది: ప్రతి బారలో తల ఒకసారి నీటి పైకి రావాలి. చేతులు తుంటి దాటి వెనక్కి పోకూడదు. ఆరంభంలోనూ మలుపు తర్వాతా వేసే మొదటి బార ఒక్కటే దీనికి మినహాయింపు. ముందుకు చాచేటప్పుడు అరచేతులు నీటిపైనుంచి వెళ్లినా ఫర్వాలేదు గానీ మోచేతులు నీటిలోనే ఉండాలి. తన్నేటప్పుడు పాదాలు బయటికి తిరిగి ఉండాలి. అంటే బ్రేకును పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు. దాన్ని ఎంత చిన్నది చేసుకోగలిగితే అంత వేగం. పోటీల జోలికి పోని, ఆదివారం ఉదయం నాలుగు ల్యాపులు ఈదే ఉద్యోగికీ ఈ సూత్రమే వర్తిస్తుంది.

కాళ్లు: వేగమూ అక్కడే, బ్రేకూ అక్కడే

మిగతా మూడు ఈతల్లో చేతులది పైచేయి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఎక్కువమందికి ముందుకు నెట్టే బలంలో పెద్ద భాగం కాళ్ల నుంచే వస్తుంది. అందుకే సాధన కూడా ఇక్కడి నుంచే మొదలు కావాలి. చాలా శిక్షణ తరగతుల్లో చేతులు, కాళ్లు, శ్వాస అన్నీ ఒకే వారంలో నేర్పేసి వదిలేస్తారు. దాని ఫలితం ఏళ్ల తరబడి కనిపిస్తుంది.

కాళ్లు ముడిచేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు మోకాళ్లను పొట్ట కిందికి లాక్కోవడం. అలా లాగినప్పుడు తొడలు రెండూ నీటికి ఎదురుగా పలకల్లా నిలబడతాయి. అప్పటిదాకా సంపాదించిన వేగమంతా ఆ పలకలకు తగిలి ఆగిపోతుంది. తుంటి కూడా కిందికి దిగుతుంది. దీనికి విరుగుడు చెప్పడం తేలికే గానీ శరీరానికి అలవాటు చేయడం కొంచెం కష్టం: మోకాళ్లను ముందుకు తేవడం కాదు, మడమలను పిరుదుల వైపు తేవాలి. తొడలు వీలైనంత వరకు శరీరంతో ఒకే వరసలో ఉండి, పిక్కలు మాత్రమే పైకి మడుచుకోవాలి. అప్పుడు పిక్కలు, పాదాలు తొడల నీడలో వస్తాయి. ముందునుంచి చూసేవాళ్లకు శరీరం వెనక పెద్దగా ఏమీ కనిపించకూడదు. ముడవడం నెమ్మదిగా, మెత్తగా జరగాలి. తన్నడం మాత్రం ఒక్క విసురుగా ఉండాలి. కొత్తవాళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. గబుక్కున ముడిచి, తాపీగా తంతారు.

రెండో విషయం పాదం. గొంతుక్కూర్చున్నప్పుడు పాదం ఎలా వంగుతుందో, బాతు నడిచేటప్పుడు పాదాలు ఎలా బయటికి తిరుగుతాయో, ఆ రెండూ కలిస్తే బ్రెస్ట్‌స్ట్రోక్ పాదం. కాలివేళ్లు మోకాలి వైపు లాగి, పాదాలను బయటికి తిప్పితే పాదం లోపలి అంచు, పిక్క లోపలి భాగం నీటిని పట్టుకుంటాయి. అదే తెడ్డు. పాదం చాచి, వేళ్లు వెనక్కి చూపిస్తూ తంతే ఆ తెడ్డు లేదు. నీరు పాదం పక్కనుంచి జారిపోతుంది. ఎంత కండబలం ఉన్నా ముందుకు కదలని కాళ్లు చాలావరకు ఇలాంటివే. పరుగు అలవాటున్న కొత్తవాళ్లకు చీలమండ బిగుసుకుపోయి ఉండటం వల్ల ఈ ఇబ్బంది ఎక్కువ. ఒడ్డున చేసే కసరత్తుగా మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం దీనికి బాగా పనికొస్తుంది. వజ్రాసనం మంచిదే గానీ అది పాదాన్ని వెనక్కి చాస్తుంది. ఫ్రీస్టైల్‌కు ఉపయోగపడినంతగా కప్ప ఈతకు ఉపయోగపడదు.

బావుల్లో, కాలవల్లో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. నడుముకు బెండ్లో ఎండిన సొరబుర్రలో కట్టుకుని, తల నీటిపైన నిలబెట్టి, ఎలాగోలా తేలడమే లక్ష్యంగా నేర్చిన ఈత అది. ప్రాణం నిలబెట్టే ఈతగా దానికి వంక పెట్టలేం. కానీ అందులో ఒక కాలు కప్పలా తంతే రెండోది కత్తెరలా కోస్తుంది. పోటీల్లో ఇలా తంతే అనర్హత వేటు పడుతుంది. పోటీ సంగతి అటుంచినా, ఒక వైపు నెట్టి మరో వైపు జారిపోయే కాళ్లతో శరీరం మెలితిరుగుతుంది. ఇది బయటపడాలంటే వెల్లకిలా పడుకుని, చేతులు తొడల పక్కన ఉంచి, కాళ్లతో మాత్రమే తన్నుతూ వెళ్లాలి. మోకాళ్లు నీటిపైకి లేస్తే తొడలు మరీ ముందుకు వస్తున్నాయని అర్థం. తల ఒక వైపు లేన్ తాడుకు గుద్దుకుంటుంటే కాళ్లలో ఒకటి పని ఎగ్గొడుతోందని అర్థం.

మోకాళ్ల మధ్య ఎడం ఎంత ఉండాలన్నది పాత చర్చ. వెనకటి పద్ధతిలో మోకాళ్లు బాగా విడదీసి, కాళ్లు వెడల్పుగా చాచి, తర్వాత దగ్గరకు మూసేవారు. రెండు కాళ్ల మధ్య నీటిని నొక్కితే శరీరం ముందుకు పోతుందన్న నమ్మకం ఉండేది. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం కోచ్ జేమ్స్ కౌన్సిల్మన్, ఆయన శిష్యుడు చెట్ జాస్ట్రెమ్స్కీ దీన్ని మార్చారు. మోకాళ్లు కొంచెం మాత్రమే విడిచి, పిక్కలను కొరడాలా విసిరే ఇరుకు తన్నును ప్రచారంలోకి తెచ్చారు. కాళ్లు మూయడం వల్ల వచ్చే బలం కంటే నీటిని వెనక్కి నెట్టడం వల్ల వచ్చే బలమే అసలు బలమని తేలింది. ఇవాళ తుంటి వెడల్పు, లేదా దానికి కాస్త ఎక్కువ ఎడం చాలంటారు. అయితే ఇది అందరికీ ఒకే కొలత కాదు. తుంటి కీలు లోపలికి ఎంత తిరుగుతుందన్నది మనిషి మనిషికీ వేరు. అది తిరగనివాళ్లు వీడియోల్లో చూసిన ఇరుకు తన్నును బలవంతంగా అనుకరిస్తే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మోకాలి లోపలి వైపు నొప్పి బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతగాళ్లకు ఎంత మామూలు సమస్య అంటే వైద్యులు దాన్ని ఈ ఈత పేరుతోనే పిలుస్తారు. నొప్పి మొదలైతే మోకాళ్లను ఇంకొంచెం విడదీసి చూడాలి, తన్నుల సంఖ్య తగ్గించాలి, ఆ రోజుకు ఫ్రీస్టైల్‌కు మారాలి. తగ్గకపోతే వైద్యుడిని కలవాలి. పంటి బిగువున ఈదడం వల్ల ఒనగూరేదేమీ లేదు.

తన్ను చివర ఒక చిన్న పని మిగులుతుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. కాళ్లు రెండూ పూర్తిగా కలిసి, పాదాలు చాచుకుని, ఉపరితలానికి దగ్గరగా లేవాలి. కాళ్లు ఎడంగా వదిలేసి జారడమంటే తలుపులు తెరిచి కారు నడపడమే.

చేతులు చేసేది తక్కువ, చెడగొట్టేది ఎక్కువ

చేతుల విషయంలో కొత్తవాళ్లకు ఇచ్చే సలహాల్లో అత్యంత ఉపయోగకరమైనది బహుశా ఇది: అరచేతులు ఎప్పుడూ కళ్లకు కనిపిస్తూ ఉండాలి. చేతులు భుజాల వరస దాటి వెనక్కి పోతే రెండు నష్టాలు. ఒకటి, వాటిని తిరిగి తేవడానికి ఎక్కువ దూరం, ఎక్కువ సమయం పడుతుంది. రెండు, మోచేతులు పక్కటెముకలకు అతుక్కుని, తర్వాత ముందుకు వచ్చేటప్పుడు ముంజేతులు నీటిని ఎదురు తోస్తాయి. గట్టిగా లాగామన్న తృప్తి మాత్రం బాగా ఉంటుంది. ఆ తృప్తిలోనే మోసమంతా.

సరైన బార చూడటానికి చాలా చిన్నదిగా ఉంటుంది. చాచిన చేతులు భుజాల కంటే కొంచెం వెడల్పుగా తెరుచుకుంటాయి. ఈ దశలో బలం వాడాల్సిన పని లేదు. అక్కడ మోచేతులను పైనే ఉంచి ముంజేతులు కిందికి, వెనక్కి వంచితే నీరు బరువుగా తగులుతుంది. కోచ్‌లు నీటిని ‘పట్టుకోవడం’ అనేది దీన్నే. అక్కడి నుంచి అరచేతులు ఒకదానివైపు ఒకటి వేగంగా ఊడ్చుకుంటూ ఛాతీ ముందుకు వస్తాయి. పెద్ద గిన్నె అడుగున మిగిలిన పిండిని రెండు చేతులతో దగ్గరకు గీకినట్టు. గిన్నె అంచు దాటకూడదు. దగ్గరకు వచ్చిన చేతులు అక్కడ ఆగకూడదు. దండం పెట్టి నిలబడిపోవడం కొత్తవాళ్ల అలవాటు. ఆ విరామంలో శరీరం మునగడం మొదలవుతుంది. లోపలికి ఊడ్చిన ఊపులోనే ముందుకు దూసుకెళ్లాలి.

శ్వాస ఈ ఊడ్పులోనే ఇమిడి ఉంటుంది. చేతులు లోపలికి వచ్చే క్షణంలో ఛాతీ తనంతట తానే లేస్తుంది, దాంతోపాటు నోరు నీటిపైకి వస్తుంది. విడిగా మెడ ఎత్తాల్సిన పని లేదు. మెడ ఎత్తి ఎదుటి గోడను చూసేవాళ్లకు, తక్కెడలో ఒక పళ్లెం లేస్తే రెండోది దిగినట్టు, కాళ్లు దిగిపోతాయి. దిగిన కాళ్లతో ఎంత మంచి తన్ను తన్నినా అది శరీరాన్ని ముందుకు కాక పైకి నెడుతుంది. చూపు ఒకటి రెండు మీటర్ల ముందున్న నీటి మీద ఉంటే చాలు. గాలి వదలడం నీటి అడుగునే ముగించాలి. పైకొచ్చాక వదిలి, పీల్చాలనుకుంటే సమయం చాలదు. ఆ చాలని సమయం కోసం తల ఇంకా పైకి ఎత్తుతారు, కాళ్లు ఇంకా దిగుతాయి.

తల ఎత్తి ఈదే పద్ధతికి ఘనమైన వంశమే ఉంది. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ ఛానల్‌ను బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే, దాదాపు 22 గంటల్లో దాటాడు. ఆ కాలంలో తల ఎత్తి ఈదడమే వాడుక. ఓర్పుకు ఆ ఈత సరిపోయింది, వేగానికి సరిపోదు. మన బావి ఈతగాళ్ల కథా అంతే. ముఖం నీటిలో పెట్టడానికి వాళ్లు పడే ఇబ్బంది భయం వల్ల కాదు, ఏళ్ల అలవాటు వల్ల. వాళ్లకు చేతులు, కాళ్ల సాధన కంటే ముందు గాగుల్స్ పెట్టుకుని గోడను తన్ని, ముఖం దించి, బాణంలా జారే సాధన రెండు వారాలు చేయించడం మేలు.

ఏది ముందు, ఏది తర్వాత

కాళ్లు, చేతులు విడివిడిగా బాగున్నా కలిపి ఈదితే ముందుకు పోనివాళ్లు ఉంటారు. వాళ్ల లోపం క్రమంలో ఉంటుంది. చేతులు లాగుతున్నప్పుడే కాళ్లు ముడుచుకుంటాయి. అంటే ఒకవైపు ముందుకు లాగుతూ మరోవైపు బ్రేకు వేస్తున్నారు. తర్వాత చేతులు ముందుకు చాచుతున్నప్పుడు కాళ్లు తన్నడం ముగించేస్తాయి. అంటే నెట్టిన బలం ఇంకా ముడుచుకుని ఉన్న మోచేతులకు తగిలి చెదిరిపోతుంది.

సరైన వరస: చేతులు లాగుతున్నంతసేపూ కాళ్లు చాచి, కలిసి, కదలకుండా ఉండాలి. చేతులు ఛాతీ కింద కలిసే సమయానికి మడమలు పైకి మడవడం జరగాలి. చేతులు ముందుకు దాదాపు చాచుకున్నాక తన్ను పడాలి. తన్ను ముగిసేసరికి ముఖం నీటిలో, చెవులు చేతుల మధ్య, శరీరం వేలికొన నుంచి కాలివేలి దాకా ఒకే గీతలా ఉండాలి. ‘లాగు, పీల్చు, తన్ను, జారు’ అని మనసులో అనుకుంటూ ఈదితే మొదట్లో సాయపడుతుంది. దీన్ని శరీరానికి పట్టించే మంచి అభ్యాసం, ఒక బారకు రెండు తన్నులు. ఒక మామూలు బార వేసి, చేతులు చాచిన భంగిమలోనే ఉంచి, అదనంగా ఇంకోసారి తన్నాలి. చేతులు చాచాక కాళ్లు తంతే ఎంత దూరం వస్తుందో అప్పుడు శరీరానికే తెలుస్తుంది. మాటల్లో ఎంత చెప్పినా రాని గ్రహింపు అది.

ఎంతసేపు జారాలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అసలు జారనివాళ్లకు ‘జారండి’ అని చెబితే వాళ్లు కొన్నాళ్లకు రెండో చివరకు వెళ్లిపోతారు. శరీరం దాదాపు ఆగిపోయేదాకా తేలుతూ ఉంటారు. ఆగిన శరీరాన్ని మళ్లీ కదిలించడానికి ఖర్చయ్యే శక్తి, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచడానికి అయ్యేదాని కంటే ఎక్కువ. చెవుల పక్కన నీటి చప్పుడు తగ్గడం మొదలవగానే తర్వాతి బార మొదలుపెట్టాలన్నది వాడుకలో పనికొచ్చే కొలత. దూరాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. 200 మీటర్లలో కితజిమా ఈత చూస్తే పొడవాటి, ప్రశాంతమైన బారలు. 100 మీటర్లలో పీటీ ఈత చూస్తే జారడమే లేదనిపించేంత వేగంగా బార మీద బార. కొత్తవాళ్లు ఎక్కువగా చూసేది పీటీ వీడియోలే. కానీ ఆ వేగం కింద ప్రతి బారలోనూ కలిసిన పాదాలు, చాచిన చేతులు ఉన్నాయన్నది కంటికి అందదు. ఆ రూపం లేకుండా ఆ లయను మాత్రమే తెచ్చుకుంటే వచ్చేది నురగ.

గోడ దగ్గర ఊరికే దొరికే మీటర్లు

25 మీటర్ల పూల్‌లో 100 మీటర్లు ఈదితే గోడను నాలుగుసార్లు తన్నే అవకాశం ఉంటుంది. ఈత మొత్తంలో శరీరం అత్యంత వేగంగా వెళ్లేది ఈ తన్ను తర్వాతే. అయినా కొత్తవాళ్లు గోడను తన్నీ తన్నకముందే పైకి తేలి, ఊపంతా ఉపరితలం మీద పారబోస్తారు. చేయాల్సింది: ఉపరితలానికి కొంత కిందుగా గోడను తన్ని, బాణంలా జారాలి. ఊపు తగ్గబోతుండగా నిబంధనలు అనుమతించే ఆ ఒక్క పెద్ద బార, చేతులు తొడల దాకా, వేయాలి. ఇష్టమైతే దానితో ఒక డాల్ఫిన్ తన్ను. మళ్లీ కొంచెం జారి, చేతులను ఒంటికి ఆనించి మెల్లగా ముందుకు తెచ్చి, కప్ప తన్నుతో పైకి రావాలి. ఇందులో ఊపిరి బిగపట్టి పోటీ పడాల్సిన అవసరమేమీ లేదు. ఊపిరి ఆడకపోతే పెద్ద బార మానేసి ముందే పైకి రావచ్చు. గోడ తన్ని బాణంలా జారడం ఒక్కటే సరిగ్గా చేసినా ప్రతి ల్యాపులో ఒకటి రెండు బారలు మిగులుతాయి.

గోడను తాకేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి తాకాలి. చివరి బార చాచిన చేతులతో ముగిసేలా ఐదారు మీటర్ల ముందు నుంచే అంచనా వేసుకోవాలి. పారిస్‌లో 100 మీటర్ల ఫైనల్‌ను ఇటలీకి చెందిన నికోలో మార్టినెంగీ 59.03 సెకన్లలో గెలిచాడు; పీటీ, అమెరికాకు చెందిన నిక్ ఫింక్ 59.05తో రజతం పంచుకున్నారు. సెకనులో యాభయ్యో వంతు అంటే గోడ దగ్గర వేళ్లు ఎంత చాచారన్న లెక్క.

వారంలో మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట పూల్‌లో గడపగలిగే వ్యక్తికి ఒక సాధన క్రమం చెప్పాలంటే, మొదటి నెల సమయంలో సగం కాళ్లకే ఇవ్వడం సబబు. శరీరం వేడెక్కడానికి నెమ్మదిగా నాలుగైదు ల్యాపులు. తర్వాత వెల్లకిలా తన్నులు, ఆపైన బోర్లా పడుకుని చేతులు చాచి తన్నులు. కిక్‌బోర్డు (చేతులతో పట్టుకునే తేలే పలక) పట్టుకుంటే తల పైనే ఉండిపోతుంది కాబట్టి దాన్ని ఎంత తక్కువ వాడితే అంత మంచిది. అటుపై ఒక బారకు రెండు తన్నుల అభ్యాసం. చివర్లో నాలుగైదుసార్లు 25 మీటర్లు పూర్తి ఈత, ప్రతిసారీ గోడ దగ్గర ఊపిరి కుదుటపడేదాకా ఆగి. అలిసిపోయి రూపం చెడిన తర్వాత ఈదే ల్యాపులు తప్పు అలవాటును గట్టిపరుస్తాయి తప్ప ఇంకేమీ చేయవు. రెండో నెల నుంచి తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురుగు దిమ్మ) పెట్టి చేతుల సాధన కలపవచ్చు. బారల వేగం పెంచే ప్రయత్నం ఆ తర్వాత సంగతి.

మెరుగుదల ఉందో లేదో తెలుసుకోవడానికి గడియారం ఒక్కటే చాలదు. 25 మీటర్లకు ఎన్ని సెకన్లు, ఎన్ని బారలు అన్న రెండు అంకెలనూ వారానికోసారి రాసుకోవాలి. ఉదాహరణకు 40 సెకన్లు, 18 బారలతో మొదలైందనుకుందాం. బారలు 14కు తగ్గి సమయం 43 సెకన్లకు పెరిగితే జారడం మరీ ఎక్కువైంది. జారుడు కొంచెం కోసుకోవాలి. బారలు 22కు పెరిగి సమయం 40 దగ్గరే ఉంటే చేతులు తొందరపడుతున్నాయి, కాళ్ల పని మళ్లీ చూసుకోవాలి. సమయం 38కి తగ్గి బారలు 18 దగ్గరే ఉంటే తన్ను బాగుపడుతోంది. రెండూ కలిసి తగ్గిన వారం వస్తే, అప్పటికి ఏ కొత్త సలహా వినకుండా, ఇంకో పదిహేను రోజులు అలాగే ఈదాలి.